ఆఫీసు కుర్చీల మీద పెట్టే డబ్బు యజమానికి తిరిగొస్తుందా?

కడపలో 16 మందితో జీఎస్టీ రిటర్నులు, బుక్ కీపింగ్ ఆఫీసు నడుపుతున్న సోదరుడు అడిగింది క్లుప్తంగా ఇదీ. స్టాఫులో సగం మందికి మెడనొప్పులు, నడుము నొప్పులు. ఫర్నిచర్ డీలరు ఎర్గోనామిక్ (ఒంటికి తగ్గట్టు సర్దుకునే) కుర్చీ ఒక్కోటి 11,500, జీఎస్టీ అదనం అన్నాడు. పార్ట్‌నరేమో ఉన్న కుర్చీలకే దిండ్లు వేస్తే సరిపోతుంది, మిగతాదంతా షోకు అంటున్నాడు. పెట్టిన డబ్బు తిరిగొస్తుందా, రాదా?

వస్తుంది. కాకపోతే 16 కుర్చీలు ఒకేసారి తెప్పించి వేసేసి, పని అయిపోయిందనుకుంటే సగం కూడా రాదు. ముందు సీటుకు 1,000 నుంచి 1,500 పెట్టి స్క్రీను ఎత్తు, కీబోర్డు ఎత్తు, కాళ్ల కింద ఆసరా సరిచేయండి. ఆ తర్వాత రోజుకు 6 గంటలకు మించి కూర్చునే వాళ్లకు మాత్రమే మంచి కుర్చీ కొనండి. ఈ వరసలో చేస్తే మీ ఖర్చు డీలరు చెప్పినదానికన్నా బాగా తగ్గుతుంది, ఫలితం మాత్రం ఎక్కువ ఉంటుంది.

నేను అనంతపురంలో ఒక బిల్లింగు, డేటా ఎంట్రీ ఆఫీసుకు 19 ఏళ్లు అడ్మిన్, లెక్కలు రెండూ చూశాను. కుర్చీలు కొన్నదీ నేనే, సెలవు చీటీల మీద సంతకం పెట్టిందీ నేనే. ఆ రెండింటికీ సంబంధం ఉందని గ్రహించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీకు అంత ఆలస్యం కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు కుర్చీ లెక్క. మీ దగ్గర సగటు జీతం 14,000 అన్నారు. ఈఎస్ఐలో (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) యజమాని వాటా 3.25 శాతం, పండగకు ఇచ్చేది కలిపి నెలకు 15,000 అనుకుందాం. 26 రోజులు, రోజుకు 8 గంటలు. అంటే గంటకు 72 రూపాయలు. కుర్చీ 11,500, మన్నేది కనీసం 5 ఏళ్లు. నెలకు 192 రూపాయలు పడుతుంది. ఆ 192 రూపాయలకు సమానమైన పని రెండున్నర గంటల కంటే కొంచెం ఎక్కువ. దాన్ని 26 రోజులకు పంచితే రోజుకు 6 నిమిషాలు.

అంతే. మనిషి రోజుకు 6 నిమిషాలు ఎక్కువ పని చేయగలిగితే కుర్చీ ఖర్చు వచ్చేసినట్టే. సాయంత్రం 4 దాటాక మీ స్టాఫును ఒక్క అరగంట గమనించండి. లేచి నడుం విరుచుకునేవాళ్లు, మెడ తిప్పుకునేవాళ్లు, మౌసు వదిలేసి వేళ్లు నలుపుకునేవాళ్లు ఎంతమందో చూడండి. 6 నిమిషాలు చాలా చిన్న మాటని మీకే తెలుస్తుంది.

అయితే నిమిషాల లెక్క చూపిస్తే మీ పార్ట్‌నరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడంలో న్యాయమూ ఉంది, ఆ 6 నిమిషాలూ పనిలోకే పోతాయని ఎవరు హామీ ఇస్తారు? అసలు డబ్బు పోయేది ఇంకో మూడు చోట్ల. ఆ మూడూ మీ ఆఫీసు రిజిస్టర్లలో ఇప్పటికే ఉన్నాయి.

మొదటిది సెలవుల రిజిస్టరు. మీ పని తీరు నాకు తెలుసు. నెలలో 11వ తేదీకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను కట్టే 3బీ రిటర్ను. ఆ పది రోజులూ రాత్రి 8, 9 దాకా కూర్చుంటారు. గడిచిన ఏడాది రిజిస్టరు తీసి 21 నుంచి 25 తేదీల మధ్య ఒంట్లో బాగాలేదని పెట్టిన సెలవులు లెక్కపెట్టండి. మా ఆఫీసులోనూ క్లయింటుకు గడువు ఉన్న వారం దాటగానే సెలవులు గుంపుగా పడేవి. మేము అలసట అనుకున్నాం. నిజానికి అది కుర్చీ, టేబులు చేసిన నష్టం.

ఈఎస్ఐ ఉంది కదా, జబ్బు చేస్తే వాళ్లే ఇస్తారు కదా అనొచ్చు. ఈఎస్ఐ అర్హత ఉన్న ఉద్యోగికి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది, నిజమే. కానీ ఆ మనిషి చూసే నలభై క్లయింట్ల ఫైళ్లు ఈఎస్ఐ వాళ్లు చూడరు. 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ మీ క్లయింటు నెత్తిన పడతాయి. ఆ క్లయింటు మరుసటి ఏడాది మీ దగ్గరే ఉంటాడా?

రెండోది తిరిగి చేసిన పని. దీనికి చాలా ఆఫీసుల్లో రిజిస్టరే ఉండదు, మీరు ఈ నెల నుంచే పెట్టండి. ఒక నోటుబుక్కు చాలు: ఏ తప్పు, ఎవరి సీటు, ఏ టైముకు ఎంట్రీ చేసింది. ఒకరి జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నంబరు) బదులు ఇంకొకరిది పడితే అసలు కొనుగోలుదారుడి 2బీలో (కొనుగోళ్ల మీద వచ్చే క్రెడిట్ చూపే జాబితా) ఆ బిల్లు కనపడదు. ఆయన మీ క్లయింటుకు ఫోను, మీ క్లయింటు మీకు ఫోను, తర్వాతి నెలలో సవరణ. ఒక నంబరుకు రెండు గంటలు పోతాయి. మేము ఇలా రాయడం మొదలుపెట్టాక కనపడింది ఒకటే. తప్పుల్లో ఎక్కువ భాగం మధ్యాహ్నం 3 తర్వాతివి, అదీ ప్రతిసారీ అవే నాలుగైదు సీట్లవి. మనుషులు మారినా సీట్లు మారలేదు. కిటికీ వెలుగు స్క్రీను మీద పడే సీట్లు, టేబులు మరీ ఎత్తుగా ఉన్న సీట్లు.

మూడోదే పెద్దది: మానేసి వెళ్లిపోయేవాళ్లు. అనంతపురంలో మా పరిస్థితి మీకు చెప్పనక్కర్లేదు, పని నేర్చుకున్న పిల్లలకు బెంగళూరు రెండొందల కిలోమీటర్ల దూరం. జీతంలో మనం బెంగళూరుతో పోటీ పడలేం. ఇక్కడ ఉండిపోదాం అనుకునేవాళ్లు కూడా ఒళ్లు నొప్పులతో మానేస్తే అది మన చేతులారా చేసుకున్న నష్టం.

మేమంతా అక్కా అని పిలిచే సీనియర్ ఆపరేటరు ఒకామె ఉండేది. డాక్టర్ల చేతిరాత చూడగానే చదివేసేది. కొత్తవాళ్లు బిల్లు పట్టుకుని ఆమె సీటు దగ్గర వరస కట్టేవాళ్లు. ఒక ఏడాది నుంచి రాత్రిళ్లు కుడిచేతి వేళ్లు తిమ్మిర్లెక్కి నిద్ర లేస్తున్నానని చెబుతూ వచ్చింది. మేము బలహీనత అనుకున్నాం, ఆమె కూడా అదే అనుకుంది. చివరికి డాక్టరు మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందన్నాడు. కార్పల్ టన్నెల్ అంటారు. కారణం ఇదొక్కటే అని ఆయన చెప్పలేదు. కానీ ఎక్కడ పనిచేస్తావమ్మా, టేబులు ఎలా ఉంటుంది అని అడిగాడట. మా టేబుళ్లు కడప బండలు. పదునైన అంచు మీద మణికట్టు ఆనించి రోజుకు ఎనిమిది గంటలు. ఆమె ఆ వేసవిలో మానేసింది.

ఆమె పనికి ఇద్దరిని తీసుకున్నాం. చేతిరాత చదవడం వాళ్లకు వచ్చేసరికి ఐదు నెలలైంది. ఆ తర్వాతే ఆ బండల అంచులకు రబ్బరు బీడింగు వేయించాం. సీటుకు వంద రూపాయలు కూడా కాలేదు. అది తలచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది. డబ్బు గురించి అడిగారు కాబట్టి డబ్బు చెబుతున్నా, కానీ ఆమె చేయి నాకు డబ్బు లెక్క కాదు.

మీ ఆఫీసుకు ఇదే లెక్క వేద్దాం. కొత్త మనిషికి 12,000 జీతం. సొంతంగా రిటర్ను వేయడానికి 3 నెలలు పడుతుంది, ఆ 3 నెలలూ సగం పనే వస్తుంది. అంటే 18,000. నేర్పడానికి సీనియరు రోజుకు గంట కూర్చోవాలి. గంటకు 100 చొప్పున 78 రోజులకు 7,800. మొత్తం 25,800. ఒక్క మనిషి మానకుండా ఉంటే రెండు కుర్చీల ఖరీదు మిగిలినట్టు. పార్ట్‌నరుకు చూపించాల్సిన లెక్క ఇది.

ఇక బండల సంగతి. మీది కడప కాబట్టి మీ ఆఫీసులోనూ ఇటుక కట్టి పైన నల్లబండ వేసిన టేబుళ్లే ఉంటాయని నా అనుమానం. గట్టివే, చెదలు పట్టవు, వందేళ్లుంటాయి. చిక్కు ఒక్కటే, ఎత్తు మారదు. మేస్త్రీలు మామూలుగా 30 అంగుళాలకు కడతారు. వంటగట్టు అలవాటు ఉన్నవాళ్లైతే ఇంకా ఎత్తు. ఐదడుగుల ఆడపిల్ల పాదాలు నేలకు ఆనేలా కూర్చుంటే ఆమె మోచేయి నేల నుంచి 24, 25 అంగుళాల దగ్గర ఉంటుంది. కీబోర్డేమో 30 మీద. రోజంతా భుజాలు పైకెత్తి టైపు చేస్తుంది. సాయంత్రానికి మెడ పట్టేయక ఏమవుతుంది? కుర్చీ పైకి లేపితే చేతులకు బాగుంటుంది, కాళ్లు గాల్లో వేలాడతాయి, సీటు అంచు తొడల కింద కోస్తుంది. ఇలాంటి టేబులు దగ్గర 11,500 కుర్చీ వేసినా 50,000 కుర్చీ వేసినా మెడనొప్పి పోదు. టేబులు సరిచేయకుండా కుర్చీ కొనడం డబ్బు పారేసుకోవడమే.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ఒక టేపు పట్టుకుని ఒక పూట కేటాయించండి. ప్రతి మనిషినీ మామూలుగా కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా, నేల నుంచి మోచేయి దాకా కొలిచి సీటు పక్కన రాసుకోండి. ఆడవాళ్ల కొలతలు వాళ్లలోనే ఒకరిచేత తీయించండి. మోచేయి ఎత్తు, బండ ఎత్తు మధ్య రెండంగుళాలకు మించి తేడా ఉన్న సీట్లకు బండ కింద జారే కీబోర్డు ట్రే వేయించండి. బండకు రంధ్రం వేస్తే పగిలే ప్రమాదం ఉంది. అందుకని మేము పక్క ఇటుక గోడలకు చెక్క పట్టీలు కొట్టి వాటిమీద ట్రే నిలబెట్టాం. తొడకూ ట్రేకూ మధ్య అరచేయి పట్టేంత జాగా ఉండాలి. ట్రే పట్టని చోట కుర్చీ పైకి లేపి, కాళ్ల కింద వాలు పీట వేయండి. వడ్రంగి పాత చెక్కతో చేసిస్తాడు.

స్క్రీను పై అంచు కంటి ఎత్తులోనో కొంచెం కిందో ఉండాలి, దూరం చేయి చాచినంత. దీనికి స్టాండు కొనేముందు ఏ4 పేపరు కట్టలు పెట్టి చూడండి. ఒక్కో కట్ట రెండంగుళాల దగ్గర ఉంటుంది. రెండు రోజులు వాడాక ఎన్ని కట్టల ఎత్తు కుదిరిందో అంత ఎత్తు చెక్కపెట్టె చేయించుకోవచ్చు. బైఫోకల్ అద్దాలు పెట్టుకునే పెద్దవాళ్లకు మాత్రం స్క్రీను ఇంకొంచెం దించాలి, లేకపోతే గడ్డం పైకెత్తి చూస్తూ మెడ పాడు చేసుకుంటారు. ల్యాప్‌టాప్ మీద రోజంతా పనిచేసే వాళ్లకు స్టాండు, విడి కీబోర్డు, మౌసు తప్పనిసరి. ఈ మూడూ కలిపి 1,500 లోపే అవుతాయి, మీ మొత్తం ఖర్చులో అన్నిటికన్నా త్వరగా తిరిగొచ్చే డబ్బు ఇదే.

ఇంకొకటి. మీవాళ్లు బిల్లుల కట్ట ఎడమపక్క టేబులు మీద పడుకోబెట్టి, వంగి చూసి, తల ఎత్తి కొడతారు. రోజుకు కొన్ని వందల సార్లు. మన ఇళ్లలో భారతం, భాగవతం చదవడానికి వ్యాసపీఠం ఎందుకు పెట్టుకున్నారు? మెడ వంచకుండా చదవడానికే. అదే వాలుతో స్క్రీను పక్కనే నిలబడే చిన్న చెక్క స్టాండు చేయించి బిల్లులు దానిమీద పెట్టించండి. మా దగ్గర ఎంట్రీ వేగం కళ్లకు కనపడేంతగా పెరిగింది దీనివల్లే. కుర్చీలు అప్పటికింకా రాలేదు.

కుర్చీ విషయంలో మేము చేసిన తప్పు కూడా వినండి. మొదటిసారి పది కుర్చీలు కొన్నాం. వీపు ఎత్తుగా, నల్లటి రెక్సిన్‌తో, చూడ్డానికి మేనేజరు కుర్చీల్లా ఉండేవి. ఏడాది తిరక్కుండానే సగం గ్యాస్ లిఫ్టులు పోయి, కూర్చుంటే మెల్లగా కిందికి దిగిపోయేవి. కుర్చీ చేతులు బండకు తగిలి కుర్చీ లోపలికి పోయేది కాదు. సీటు లోతు ఎక్కువ కావడంతో పొట్టివాళ్లు వీపు ఆనించలేక అంచుమీదే కూర్చునేవాళ్లు. మే నెలలో మన ఎండలకు రెక్సిన్ మీద కూర్చుంటే ఒళ్లంతా చెమట. డబ్బంతా వృథా అయింది, ఎర్గోనామిక్ అనే మాట మీదే మా యాజమాన్యానికి నమ్మకం పోయింది. ఆ నమ్మకం తిరిగి తేవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

అందుకని కుర్చీలో చూడాల్సినవి: సీటు 16 అంగుళాల దాకా కిందికి దిగాలి. సీటు లోతు సర్దుకునేలా ఉండాలి. వీపు ఆనించి కూర్చుంటే సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. నడుము దగ్గరి ఆసరా పైకీ కిందికీ జరగాలి. కుర్చీ చేతులు బండ కిందికి దూరేంత దిగాలి. వీపు జాలీది అయితే మన వేడికి మంచిది. వెనక్కి వాలే సౌకర్యం తప్పకుండా ఉండాలి, దాన్ని బిగించేసి ఉంచకూడదు. 1960లలో స్వీడన్ ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ వెన్నుపూసల మధ్య డిస్కుల్లో ఒత్తిడిని సూది పెట్టి కొలిచాడు. ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఎక్కువ, వెనక్కి వాలి ఆనుకున్నప్పుడు తక్కువ. నిటారుగా కూర్చో అని పిల్లల్ని గదమాయించే మన అలవాటు ఆఫీసులో పనికిరాదు. కాస్త వాలి కూర్చున్నవాడు బద్ధకస్తుడు కాడు.

నమూనాగా ఒకటి తెప్పించి మీలో అందరికన్నా పొట్టి మనిషినీ, అందరికన్నా పొడుగు మనిషినీ చెరో వారం కూర్చోబెట్టండి. నమూనా ఇవ్వనన్న డీలరు దగ్గర కొనొద్దు. బెంగళూరులో ఖాళీ చేసిన ఆఫీసుల మంచి కంపెనీ కుర్చీలు సెకండ్ హ్యాండులో దొరుకుతాయి. లిఫ్టు, వాలు, చక్రాలు పరీక్షించి తీసుకుంటే కొత్త చవక కుర్చీకన్నా ఎంతో నయం. మేము రెండోసారి చేసింది అదే.

పరిశోధనల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డీలరు మీకు పెద్ద పెద్ద శాతాలు చూపిస్తాడు. మీ పనికి దగ్గరగా ఉన్నది ఒకటుంది. అమెరికాలో ఒక రాష్ట్ర పన్నుల శాఖ ఉద్యోగుల మీద చేసింది, 2003లో వచ్చింది. ఒక గుంపుకు సర్దుబాటు కుర్చీ, దాన్ని వాడే శిక్షణ. ఇంకో గుంపుకు శిక్షణ మాత్రమే. మూడో గుంపుకు ఏమీ లేదు. కొలిచింది వసూలైన పన్నును. కుర్చీ, శిక్షణ రెండూ అందినవాళ్ల వసూళ్లు 18 శాతం దాకా పెరిగాయి. శిక్షణ మాత్రమే అందినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇందులో నేను చూసేది ఇంకొకటి: కుర్చీ ఇచ్చి ఏమీ నేర్పని గుంపు అసలు లేనే లేదు. కాబట్టి కుర్చీ ఒక్కటే 18 శాతం తెస్తుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. కుర్చీ వచ్చిన రోజు ప్రతి ఒక్కరి దగ్గరా పావుగంట కూర్చుని ఏ మీట దేనికో చూపించి, వాళ్ల చేతే సర్దించాలి. మా రెండో విడత కుర్చీల్లోనూ, నేర్పించని సీట్లలో మీటలు ఆరు నెలలైనా కదల్లేదు.

అక్కడి లెక్కలన్నీ ఇక్కడ పనిచేయవు. అమెరికా యజమానికి మిగిలే డబ్బులో పెద్ద భాగం ఉద్యోగుల పరిహార బీమా తగ్గడం వల్ల వస్తుంది. అక్కడ గాయాలు, క్లెయిములు తగ్గితే ప్రీమియం తగ్గుతుంది. మన ఈఎస్ఐ చందా అలా కాదు, మీ ఆఫీసులో ఒక్కరికీ నొప్పి లేకపోయినా 3.25 శాతమే. ఆ పద్దు మీ లెక్కలో సున్నా వేసుకోండి. జీతాలు కూడా ఇక్కడ తక్కువ కాబట్టి మిగిలే నిమిషం విలువా తక్కువే. అందుకే నేను సెలవులు, తప్పులు, మానేసేవాళ్ల మీదే లెక్క కట్టమంటున్నా.

పన్నుల సంగతి మీకే బాగా తెలుసు, రెండు మాటలే అంటాను. కుర్చీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 2,070 రూపాయలు, మీది పన్ను వర్తించే సేవే కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునేది) వెనక్కి వస్తుంది. ఆ మొత్తాన్ని ఆస్తి విలువలో కలిపి తరుగు (డిప్రిసియేషన్) తీసుకోకుండా చూసుకోండి. ఫర్నిచరు మీద తరుగు 10 శాతమే, ఏడాదిలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగం. కొనేదేదో సెప్టెంబరులోపు వాడకంలోకి తెండి. పన్ను మిగులుతుందని మాత్రం కొనకండి, అది చిన్న మొత్తం.

ఎక్కడ ఖర్చు పెట్టొద్దో కూడా చెబుతాను. క్లయింట్ల దగ్గరికి తిరిగే కుర్రాళ్లకు, రోజుకు రెండు గంటలు కూర్చునేవాళ్లకు ఖరీదైన కుర్చీ వద్దు. కరెంటుతో లేచి దిగే టేబుళ్లు ఇప్పుడే వద్దు, మోటారు చెడితే బాగుచేసేవాడు దగ్గర్లో దొరకడు. అంతగా నిలబడి పనిచేయాలనుకుంటే గోడవార ఒక ఎత్తు బల్ల వేసి ఫోన్లు, ఫైళ్ల పరిశీలన అక్కడ పెట్టండి. ఇక గంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరిగితే మీరే కోపంగా చూసే ఆఫీసైతే, ఏ సామానూ కొనకండి. ఎంత మంచి కుర్చీలోనైనా కదలకుండా నాలుగు గంటలు కూర్చుంటే నడుము పట్టేస్తుంది.

పార్ట్‌నరుతో గొడవ పడకండి. ఎక్కువ తప్పులు, ఎక్కువ సెలవులు పడే మూడు సీట్లు ఎంచుకోండి. వాటికే ట్రే, స్క్రీను పెట్టె, బిల్లుల స్టాండు, బీడింగు వేయించి, మంచి కుర్చీలు పెట్టండి. జీఎస్టీ కాకుండా మొత్తం 40,000 దాటదు. మూడు ఫైలింగు గడువులు గడవనిచ్చి, ఆ మూడు సీట్ల నోటుబుక్కు మిగతా సీట్లతో పోల్చి ఆయన ముందు పెట్టండి. మొదటి వారం రోజులు కొత్త కుర్చీ అలవాటు కాక కొందరు పాతదే బాగుందంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మీ బండ ఎత్తు, దాని మందం, ఆ ముగ్గురి మోచేయి ఎత్తు అంగుళాల్లో ఇక్కడ రాయండి. ట్రే ఎంత కిందికి దించాలో, కాళ్ల పీట అవసరమో కాదో సీటు వారీగా చెబుతాను.